పదిహేను వందల గాలం కిట్: రాడ్ ఉంచుకోండి, గంట పారేయండి

ఆన్‌లైన్‌లో ఫిషింగ్ కిట్ అని కొడితే వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయల మధ్య రకరకాల పేర్లతో కనబడే డబ్బా ఒకటుంది. పేర్లు వేరు, పైన బొమ్మలు వేరు, లోపలి సరుకు మాత్రం దాదాపు ఒకటే. ఏడడుగుల మడత రాడ్, 3000 సైజు రీలు, దాని మీద చుట్టిన తంగూసు (నైలాన్ దారం), రంగురంగుల ప్లాస్టిక్ కప్పలూ చేపపిల్లలూ, ఒక పొట్లం కొక్కేలు, రెండు మూడు సీసం గుండ్లు, నీటి మీద తేలే ఎర్ర తెల్ల బంతి బెండు ఒకటి, రాడ్ కొసకి తగిలించే చిన్న గంట ఒకటి. చేపల కూర కోసమైతే ఈ డబ్బు పట్టుకుని బజారుకి వెళ్లడం నయం, సంచి నిండా శీలావతి వస్తుంది. ఆదివారం పూట ఫోను పక్కన పడేసి, కృష్ణ ఒడ్డునో కాలవ గట్టు మీదో రెండు గంటలు తీరిగ్గా కూర్చోవాలి, కాస్త ఓపిక అలవడాలి అనుకునేవాళ్ల కోసమే ఈ సమీక్ష. కొలత కూడా అదే: ఈ కిట్‌తో కూర్చుంటే మనసు కుదుటపడుతుందా, ఉన్న చిరాకు రెట్టింపవుతుందా?

రాడ్ పర్వాలేదు. రీలు ఆ ధరకి మించిందే. చిల్లర సరుకులో ముప్పాతిక భాగం చెత్త. మరో మూడు నాలుగు వందలు పెట్టి తంగూసు, బెండు, కొక్కేలు మార్చుకుంటే మంచి సరంజామా అవుతుంది. మార్చకుండా వాడితే నాలుగు ఆదివారాలకి అటకెక్కుతుంది, ‘మనకి ఓపిక లేదు’ అన్న నింద మాత్రం మనిషి మీద పడుతుంది.

రాడ్ సంగతి ముందు చూద్దాం. పైన కార్బన్ అని రాసి ఉన్నా ఈ ధరలో వచ్చేది ఎక్కువగా ఫైబర్ గ్లాసే. అదేమీ లోటు కాదు. గ్లాసు రాడ్ కాస్త బరువు, కాస్త మెత్తన, కొత్తవాళ్ల చేతిలో అంత తొందరగా విరగదు. తెరిచేటప్పుడు సన్నటి కొసతో మొదలుపెట్టి ఒక్కో భాగం లాగాలి. తంగూసు దూరే రింగులన్నీ ఒకే గీత మీదికి వచ్చాక జాయింటు దగ్గర కొద్దిగా మెలితిప్పితే బిగుస్తుంది. విదిలించి తెరిస్తే జాయింటు మరీ బిగుసుకుని తర్వాత మూయడానికి రాదు. మూసేటప్పుడు వరస తిరగబడుతుంది, లావు భాగం నుంచి మొదలుపెట్టాలి. జాయింటులో ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా రాడ్ మూసుకోదు. అప్పుడు చేతులు రెండూ జాయింటుకి దగ్గరగా పెట్టి మెల్లగా తిప్పాలి. కొసని పట్టుకుని లాగితే కొసే చేతికొస్తుంది.

పార్సిల్ తెరవగానే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. చిన్న దూది పింజని ఒక్కో రింగులోంచి గుండ్రంగా తిప్పి లాగండి. ఎక్కడైనా దూది పీచు చిక్కుకుందంటే ఆ రింగు లోపలి పింగాణీకి పగులున్నట్టే. ఆ పగులు తంగూసుని బ్లేడులా కోస్తుంది. పెద్ద చేప పడ్డప్పుడే తెగుతుంది కాబట్టి అందరూ తంగూసుని తిట్టుకుంటారు. రింగు పగిలి ఉంటే వాపసు పంపేయండి, అతికించి వాడుకోవచ్చులే అనుకోవద్దు.

రీలు మీద బేరింగులు పన్నెండు, పదమూడు అని గొప్పగా రాస్తారు. ఆ అంకెని పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది మూడు చోట్ల. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే ఎక్కడా గరగర ఉండకూడదు. తంగూసు వచ్చి ఆనే చిన్న కప్పీ వేలితో నెడితే తిరగాలి. అది తిరక్కపోతే తంగూసు ఒకే చోట రాసుకుని చిట్లుతుంది. మూడోది డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే తంగూసుని వదిలే బిగింపు. ముందున్న మర తిప్పుతూ చేత్తో తంగూసు లాగి చూడండి. సాఫీగా జారాలి. ఆగి ఆగి కుదుపులతో వస్తుంటే ఆ రీలు మార్చుకోవాల్సిందే.

డ్రాగ్ బిగించడానికి పద్ధతుంది. తంగూసు ఎంత బరువుకి తెగుతుందో అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే బిగించాలి. అయిదు కిలోల తంగూసుకి కిలోంపావు నుంచి కిలోన్నర పైచిలుకు. కూరగాయలు తూచే స్ప్రింగు త్రాసుకి తంగూసు కొస కట్టి, రాడ్‌ని వంచి లాగి చూస్తే అయిదు నిమిషాల పని. చాలామంది మరని పూర్తిగా బిగించి వదిలేస్తారు. రెండు కిలోల బొచ్చె పడి ఒక్క గుంజు గుంజేసరికి ముడి దగ్గర టప్పున తెగుతుంది.

కిట్‌తో వచ్చే తంగూసు సాధారణంగా మరీ మందం, పైగా నెలల తరబడి చుట్టే ఉండటంతో స్ప్రింగులా మెలికలు తిరిగి వస్తుంది. దాన్ని తీసేసి 0.25 నుంచి 0.28 మిల్లీమీటర్ల మందమున్న తంగూసు నూరు మీటర్లు చుట్టుకోండి. వలలూ తాళ్లూ అమ్మే పాత దుకాణాల్లో అడిగితే మందం చెప్పి ఇస్తారు. చుట్టేటప్పుడు రెండు వేళ్ల మధ్య తడిగుడ్డ పెట్టి బిగువుగా చుట్టాలి. స్పూల్ (రీలులో తంగూసు చుట్టుకునే భాగం) అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపాలి. అంచు దాకా నింపితే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడి పిచ్చుక గూడవుతుంది, మరీ తక్కువైతే దూరం వెళ్లదు.

ఇక్కడే కొత్తవాళ్ల ఓపిక సగం హరించుకుపోతుంది. చిక్కు విప్పడంతోనే ఉదయం అయిపోతుంది. చిక్కుకి కారణాలు రెండే. ఒకటి, విసరడానికి తెరిచిన రీలు మీది అర్ధచంద్రపు తీగని, విసిరాక హ్యాండిల్ తిప్పి మూయడం. చేత్తో మూసి, తంగూసు వదులు లేకుండా ఒకసారి లాగి, అప్పుడు తిప్పాలి. రెండోది, చేప తంగూసు లాక్కుపోతుంటే కంగారుపడి హ్యాండిల్ తిప్పడం. ఈ రీళ్లలో హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే పైభాగం అయిదు చుట్లు తిరుగుతుంది. తంగూసు లోపలికి రాదు, చుట్టుకి అయిదు మెలికలు మాత్రం ఎక్కుతాయి. చేప లాగేటప్పుడు చెయ్యి ఆపండి. అది ఆగాక రాడ్‌ని పైకెత్తి, దించుతూ చుట్టండి.

కొక్కేనికి ముడి: తంగూసుని కన్నంలోంచి తీసి, దాని చుట్టూ అదే కొసని అయిదారు సార్లు మెలేసి, కన్నం పక్కన మిగిలిన చిన్న సందులోంచి కొస తీసి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు బలం అక్కడే పోతుంది. కొస రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి.

ఇక గంట. డబ్బాలో అన్నిటికన్నా అమాయకంగా కనబడే ఈ వస్తువే పని చెడగొడుతుంది. రాడ్‌ని గట్టు మీద ఆనించి, గంట తగిలించి, సీసం గుండుతో ఎరని అడుగున పడేస్తే చేప లాగినప్పుడు గంట మోగుతుంది. బాగానే ఉంది. కానీ గంట ఉందన్న ధీమాతో చెయ్యి జేబులోకి పోతుంది, ఫోను బయటికొస్తుంది. ఏ అలవాటు నుంచి రెండు గంటలు తప్పించుకుందామని ఇంత దూరం వచ్చారో అదే గట్టు మీద మళ్లీ మొదలవుతుంది. పోనీ చేపలన్నా ఎక్కువ పడతాయా అంటే, చిన్న చేప ముట్టుకుని వదిలేస్తే గంట మోగదు, మోగేసరికి ఎర ఉండదు. రాత్రిపూట వాలుగ కోసం కూర్చునేవాళ్లకి గంట అవసరమే. పొద్దున పూట విశ్రాంతికోసం వచ్చినవాళ్లకి బెండు కావాలి. బెండు కళ్లని కట్టిపడేస్తుంది.

అయితే కిట్‌లో ఇచ్చే ఎర్ర తెల్ల బంతి పనికిరాదు. బొటనవేలి గోరంత నుంచి ఉసిరికాయంత దాకా ఉండే ఆ బంతిని ముంచాలంటే మంచి బరువు కావాలి. పరిగె, తిలాపియా లాంటివి ఎరని లాగితే ఆ బరువు తగిలి వదిలేస్తాయి. పైన బంతి కదలనైనా కదలదు. గంట సేపు కూర్చుని, గాలం తీసి చూస్తే కొక్కెం నున్నగా తోమినట్టు ఉంటుంది. ‘ఓపిక పట్టాలి’ అని పక్కవాళ్లు సముదాయిస్తారు. ఓపికతో పని లేని చోటది. బెండు తప్పు.

పెన్సిలంత సన్నటి పొడవాటి బెండు కొనండి, రెండు మూడు గ్రాముల సీసం మోసేది. ముప్పై నలభై రూపాయలకి దొరుకుతుంది. జీలుగు బెండు దొరికితే చెక్కుకుని, గోళ్లరంగు రెండు పూతలు వేసుకోవచ్చు. పూత లేకపోతే నీరు పీల్చి గంటలో మునుగుతుంది. కొసకి రంగు కూడా ఆలోచించి ఎంచుకోవాలి. ఎండ పడి మెరిసే నీటి మీద నల్ల కొస బాగా కనబడుతుంది, చెట్టు నీడ పడిన నీటి మీద నారింజ లేదా పసుపు.

దీన్ని తూకం వేయడం ఇంట్లోనే, బకెట్ నీళ్లలో. బెండుకి తంగూసు ఎక్కించి, చీలిక ఉన్న చిన్న సీసం గింజలు ఒక్కొక్కటే నొక్కుతూ నీళ్లలో వదలండి. మొదట బెండు పక్కకి పడుకుంటుంది. మరో గింజకి లేచి నిలబడుతుంది. ఇంకోదానికి కిందికి దిగుతుంది. పైన కొస ఒక సెంటీమీటరు, ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర మాత్రమే మిగిలాక ఆపాలి. అప్పుడు చేప ముక్కుతో పొడిచినా పైన తెలుస్తుంది. సీసం గింజల్ని పళ్లతో నొక్కొద్దు, విషం. చిన్న శ్రావణం చాలు. అన్ని గింజలూ ఒకే చోట పెట్టకండి. మూడొంతుల బరువు బెండుకి దగ్గరలో, ఒక్క చిన్న గింజ మాత్రం కొక్కేనికి ఆరేడు సెంటీమీటర్ల పైన.

గట్టుకి వెళ్లాక లోతు కొలవాలి. ఈ పని ఎవరూ చేయరు, చేసినవాళ్లకే చేపలు పడతాయి. కొక్కేనికి తాత్కాలికంగా పెద్ద సీసం గుండు గుచ్చి, వేయదలుచుకున్న చోట వేయండి. బెండు మునిగిపోతే లోతు తక్కువ పెట్టినట్టు, బెండుని పైకి జరపాలి. బెండు పడుకుంటే ఎక్కువ పెట్టినట్టు, కిందికి జరపాలి. కొస మాత్రమే కనబడే దగ్గర సరిగ్గా అడుగు తగిలినట్టు. ఇప్పుడు ఏ చేప కావాలో దాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఎర్రమోసు అడుగున మేస్తుంది, శీలావతి నడి నీటిలో తిరుగుతూ అడుక్కీ వస్తుంది, బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి పైనీటిలో మేస్తుంది. సాయంత్రం నిలవ నీటిలో బొచ్చెకి రెండడుగుల లోతు చాలు. అదే బొచ్చె కోసం ఎరని అడుగున పెట్టి కూర్చుంటే పొద్దు పోతుంది, అంతే.

అడుగుకి ఆనించిన ఎరని ఎర్రమోసు ఎత్తుకుంటే బెండు మునగదు. ముందు కొస సన్నగా వణుకుతుంది. చుట్టూ చిన్న వలయం ఒకటి లేచి చెరిగిపోతుంది. తర్వాత ఎవరో కింద నుంచి నెట్టినట్టు బెండు మెల్లగా పైకి లేస్తుంది, అప్పటిదాకా నీళ్లలో ఉన్న తడి భాగం వేలెడు బయటపడుతుంది, అలాగే పక్కకి ఒరుగుతుంది. కొక్కేనికి దగ్గరున్న ఆ చిన్న గింజని చేప ఎత్తేసింది, ఆ బరువు బెండు మీద లేదు, అందుకే లేచింది. సరిగ్గా అప్పుడే మణికట్టు తిప్పాలి, జానెడు కదలిక చాలు. మునిగేదాకా చూద్దాం అనుకుంటే వదిలేస్తుంది. తిలాపియా వేరు, టకటకా పొడిచి పక్కకి ఈడుస్తుంది. జెల్ల అయితే మొహమాటం లేకుండా ఒక్కసారిగా లోపలికి లాక్కుపోతుంది. ఈ తేడాలు పట్టుకోవడం మొదలయ్యాక గంట సేపు ఎలా గడిచిందో తెలియదు. వేరే ధ్యానం నేర్చుకోనక్కర్లేదు.

కిట్‌లోని కొక్కేలు పెద్దవి, మొద్దువి. గోటి మీద కొస పెట్టి మెల్లగా ఈడిస్తే గీత పడాలి, జారిపోతే మొద్దు. కొక్కేల నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుందన్నది గుర్తుంచుకోండి. పరిగెలకీ తిలాపియాకీ 8 నుంచి 10, శీలావతికీ ఎర్రమోసుకీ 4 నుంచి 6. కొర్రమీనుకి 1/0 దాటిన పెద్ద కొక్కెం కావాలి (/0 ఉన్న నంబర్లలో మాత్రం అంకె పెరిగితే సైజూ పెరుగుతుంది), కానీ అది వేరే వేట. వదిలేయాలనుకునేవాళ్లు కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని శ్రావణంతో నొక్కేస్తే చేప నోరు చిరగదు. మన వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. ముల్లున్న కొక్కెం వేల్లోకి లోతుగా దిగితే లాగకుండా ఆసుపత్రికి వెళ్లడమే మంచిది.

ఎరకి ఎర్రలు (వానపాములు) ఉంటే ఇంకేం అక్కర్లేదు. దొరకని రోజుల్లో పిండి: మైదా 100 గ్రాములు, వేయించిన శనగపిండి 50, జల్లించిన తవుడు 50, నీళ్లు 90 నుంచి 100 మిల్లీలీటర్లు, నాలుగైదు సార్లుగా పోస్తూ అయిదు నిమిషాలు పిసకాలి. చపాతీ పిండికన్నా గట్టిగా ఉండాలి. శనగ గింజంత ఉండ తీసి గ్లాసు నీళ్లలో వేసి చూడండి. పది నిమిషాలు ఆగాలి. ముందే కరిగితే ఇంకాస్త మైదా, రబ్బరులా సాగుతుంటే ఇంకాస్త తవుడు. రబ్బరులా ఉన్న ఎరలోంచి కొక్కెం మొన బయటికి రాదు, చేప నోట్లో పడ్డా గుచ్చుకోదు. ఎసెన్సులూ అత్తర్లూ కలిపేవాళ్లున్నారు. వాటికి ఖర్చు పెట్టే బదులు పిండి బిగువు చూసుకోవడం మేలు.

చేపల్ని ఆ చోటికి రప్పించడానికి మేత వేయాలి. అరకిలో తవుడు, రాత్రంతా నానబెట్టిన పావుకిలో వేరుశనగ చెక్క కలిపి నిమ్మకాయంత ఉండలు చేసుకోండి. కూర్చోగానే నాలుగు, తర్వాత అరగంటకొకటి. నీరు పారుతుంటే బెండుకి ఒకటి రెండు గజాలు ఎగువన వేయాలి. మొత్తం ఒకేసారి కుమ్మరిస్తే చేపలు వస్తాయి, కడుపు నిండా తింటాయి, మన గాలం వైపు చూడవు.

ఓపిక అంటే కదలకుండా కూర్చోవడం అనుకునేవాళ్లే ఎక్కువ. కొంగజపం అని వెక్కిరిస్తాం గానీ, కొంగ ఎక్కడ పడితే అక్కడ నిలబడదు, చేప తిరిగే చోటు చూసుకుని నిలబడుతుంది. ఇరవై నిమిషాలు బెండు చిన్న వణుకు కూడా వణక్కపోతే లోతు మార్చండి. మరో ఇరవై నిమిషాలకీ ఏమీ లేకపోతే ఎర మార్చండి. అప్పటికీ లేకపోతే చోటు. ఈ వరస తిరగేయకండి. కొత్తవాళ్లు ముందు చోటే మారుస్తారు, గట్టంతా తిరిగి అలిసిపోతారు. రీలు ఉన్నందువల్ల వచ్చే ఇంకో జబ్బు ఉంది: విసరడం సరదాగా ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలకోసారి చుట్టి మళ్లీ విసరడం. ప్రతి విసురుకీ ‘ధబ్’ మని చప్పుడు, వచ్చిన చేపలూ చెదురుతాయి. ఒడ్డుకి దగ్గర్లో, జమ్ము అంచున, మూడు నాలుగు గజాల్లోనే చేపలు తిరుగుతుంటే యాభై గజాలు విసిరి ప్రయోజనం లేదు.

ఎక్కడ, ఎప్పుడు అన్నదాని మీద సగం ఆధారపడి ఉంటుంది. విజయవాడ మధ్యలోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలవలు పారుతున్నాయి గానీ ఊళ్లో నీటిలో మురుగు కలుస్తుంది. అక్కడ పట్టింది తినొద్దు, కూర్చోవడానికీ ఊరు దాటి వెళ్లడమే నయం. గుంటూరు వైపు వాళ్లకి సీతానగరం దగ్గర మొదలయ్యే పశ్చిమ ప్రధాన కాలవ, దాని కొమ్మలు ఉన్నాయి. కాంక్రీటు గట్లున్న చోట దిగకండి, పాచి పట్టిన వాలు మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మట్టి గట్టు, తూము పక్కన నీరు సుడి తిరిగి నెమ్మదించే చోటు కొత్తవాళ్లకి మంచిది. ఎండాకాలం కాలవలు కట్టేశాక మిగిలే మడుగుల్లో చేపలు పోగవుతాయి. పట్టడం తేలికే, కానీ నీరు తగ్గి, వేడెక్కి అవి అసలే నీరసంగా ఉంటాయి. విశ్రాంతికోసం వచ్చినవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మర్యాద.

ప్రకాశం బ్యారేజీ గేట్ల దిగువన బండల మీద కూర్చుని గాలం వేసేవాళ్లు కనబడతారు. వాళ్లని చూసి దిగొద్దు. మొత్తం డెబ్బై గేట్లు, ఏది ఎప్పుడు ఎత్తుతారో బండ మీద కూర్చున్నవాళ్లకి తెలియదు. వరద నెలల్లో అసలు ఆ ఛాయలకే వెళ్లకూడదు. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షలు దాటింది. హెచ్చరిక లేని రోజుల్లో కూడా వర్షాకాలపు ఎర్రనీటిలో బెండు పని చేయదు, వేగానికి కొట్టుకుపోతుంది. వరద తగ్గి నీరు తేటపడే కార్తీకం నుంచి మాఘం దాకా ఈ కిట్‌కి సరైన కాలం.

తెల్లవారుజామునే వెళ్లాలని అందరూ చెబుతారు. పారే నీటికి అది నిజం. పచ్చగా పాచి పట్టిన నిలవ చెరువుకి మాత్రం తిరగబడుతుంది. రాత్రంతా మొక్కలూ పాచీ ప్రాణవాయువుని వాడేసుకోవడంతో తెల్లారేసరికి నీటిలో అది బాగా తగ్గిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలేసి అనుకుంటారు, ఊపిరాడక. అప్పుడు ఎర ముట్టవు. ఎండెక్కిన గంటా గంటన్నర తర్వాత మొదలుపెట్టండి. చెరువుల్లో చాలావరకు మత్స్యకార సంఘాల లీజులోనో, పంచాయతీ వేలంలోనో ఉంటాయి. కాపలా మనిషిని అడిగి, ఒప్పుకుంటేనే వేయాలి. ‘బాబాయ్, కాసేపు కూర్చుంటాం, చిన్నవి పడితే వదిలేస్తాం’ అంటే కాదనేవాళ్లు తక్కువ, అడక్కుండా వేస్తే ఊరుకునేవాళ్లు ఇంకా తక్కువ.

రాడ్ తెరిచేముందు తల పైకెత్తి చూడండి. కాలవ గట్ల వెంట కరెంటు తీగలు ఉంటాయి. కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది, తడిసిన గ్లాసు రాడ్‌నీ నమ్మకూడదు.

కిట్‌లో లేనిదీ, తప్పకుండా కొనాల్సిందీ, పడ్డ చేపని నీళ్లలోంచి ఎత్తే చేతివల. కిలో దాటిన చేపని రాడ్‌తో గాల్లోకి ఎత్తితే మడత రాడ్ కొస విరుగుతుంది. ఈ రాడ్లు విరిగేది ఎక్కువగా ఇలాగే, లేకపోతే కొక్కెం అడుగున మొద్దుకి తగులుకున్నప్పుడు రాడ్ వంచి గుంజడం వల్ల. తగులుకుంటే రాడ్‌ని తంగూసుకి సూటిగా పట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని తంగూసునే లాగండి. తెగిన తంగూసుని గట్టు మీద వదలొద్దు. కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది. ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చి చెత్తలో వేయాలి. జెల్ల పడితే వీపు మీదా రెండు పక్కలా ఉండే ముళ్లు చూసుకోండి. వేళ్ల సందుల్లో ఆ ముళ్లు ఇమిడేలా వెనక నుంచి పట్టుకోవాలి. గుచ్చుకుంటే ఆ పూటంతా సలుపుతుంది. వదిలేసే చేపని తడిచేత్తోనే పట్టుకోండి, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి రోగాలొస్తాయి.

ప్లాస్టిక్ కప్పల గురించి ఒక మాట. తామర, గుర్రపుడెక్క మధ్య కొర్రమీను కోసం కప్ప బొమ్మ పనిచేస్తుంది, కానీ కిట్‌లోవి గట్టి ప్లాస్టిక్కువి, చేప కరిస్తే నొక్కుకోవు, కొక్కెం బయటికి రాదు. పైగా అది విసిరి విసిరి చుట్టే వేట, భుజాలు నొప్పెడతాయి గానీ విశ్రాంతి కాదు. వానాకాలంలో నీటి మీద ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు ఒకేచోట కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. అక్కడ కప్ప వేస్తే తప్పకుండా పడుతుంది, ఆకలితో కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. పట్టేస్తే ఆ గుంపంతా మిగతా చేపలకి మేత.

ఇంతా చెప్పాక, ఈ కిట్ బదులు పది పన్నెండు అడుగుల వెదురు గాలపు కర్ర ఎందుకు కొనకూడదు అని అడిగితే, నిజానికి అదే మేలు, ముఖ్యంగా కాలవకీ చిన్న చెరువుకీ. కర్ర పొడవంతే తంగూసు, చిక్కుల్లేవు, రీలు లేదు, విసరడం లేదు. బెండు కొస కిందే ఉంటుంది. ఖర్చు మూడు వందల లోపే. నష్టాలు రెండు: ఆటోలో పట్టదు, రెండు కిలోల చేప పడితే తంగూసు వదలడానికి వీలుండదు. అపార్ట్‌మెంటులో ఉంటూ స్కూటర్ మీద వెళ్లేవాళ్లకి మడత రాడ్, గట్టుకి నడిచి వెళ్లగలిగేవాళ్లకి వెదురు. పదేళ్లలోపు పిల్లలతో వెళ్తుంటే ఏమాత్రం ఆలోచించకుండా వెదురే కొనండి, కిట్‌లో మూడు కొనల కొక్కేలున్న బొమ్మలు పిల్లల చేతికి ఇచ్చేవి కావు.

కొన్నవాళ్లు ఇంటికొచ్చాక రీలుని కుళాయి ధార కింద పెట్టకండి, నీరు ఒత్తిడికి లోపలికెళ్లి గ్రీజుని కడిగేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, తంగూసు ఆనే కప్పీకి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు. రాడ్‌ని భాగాలు విడదీసినట్టు తెరిచి నీడన ఆరబెట్టాలి. తడితో మూసేస్తే జాయింట్లు పట్టేస్తాయి. మే నెల ఎండలో కారులో వదిలేస్తే రింగుల దగ్గర జిగురు మెత్తబడి రింగులు తిరిగిపోతాయి, తంగూసు కూడా పెళుసవుతుంది. కాలవలు కట్టేసి రీలుని లోపల పెట్టే ముందు డ్రాగ్ మరని పూర్తిగా వదులు చేయండి. బిగించి ఉంచితే లోపలి వాషర్లు అణిగిపోయి, మళ్లీ నీళ్లు వదిలాక మొదటి చేపకే తంగూసు కుదుపులతో వస్తుంది.